సెకండ్ వస్తే ఏం?

పాతిక కిలోల బియ్యం బస్తా పక్కకు జరపాలంటేనే "అమ్మో, నడుం!" అంటాం కదా! అలాంటివి దాదాపు పది బస్తాల బరువు ఒక్కసారిగా తలపైకి ఎత్తిన కుర్రాడి సంగతి వినండి.

పేరు సైమన్ మార్టిరోస్యాన్. ఆర్మీనియాలో హైకషెన్ అనే పల్లెటూరివాడు. 1997లో పుట్టాడు. పదిహేడేళ్లకే, 2014లో నాన్‌జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో వెండి పతకం. 2018లో అష్గబత్ ప్రపంచ పోటీల్లో, బరువును ముందు భుజాల మీదికి తెచ్చుకుని తర్వాత తలపైకి లేపే క్లీన్ అండ్ జెర్క్‌లో 240 కిలోలు ఎత్తాడు. 2000లో సిడ్నీలో మన కరణం మల్లీశ్వరికి కాంస్యం తెచ్చిన రెండు ఎత్తులూ కలిపితే 240!

ఇంతటివాడూ 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మళ్లీ రెండోవాడే అయ్యాడు. తను 423 ఎత్తితే, ఉజ్బెకిస్తాన్ కుర్రాడు అక్బర్ జురాయెవ్ 430 ఎత్తాడు. ఏడు కిలోల తేడా, అంతే. అంతమాత్రాన ఆ వెండి చిన్నదైపోతుందా?

మన ఇళ్లల్లో మాత్రం పిల్లలు సెకండ్ ర్యాంకు తెస్తే, "మరి ఫస్టెవరు?" అనేస్తాం. ఆ చిన్ని మొహం అప్పుడెలా వాడిపోతుందో గమనించారా? ముందు భుజం తట్టండి, ఇష్టమైన పాయసం చేసిపెట్టండి. పోయిన మార్కుల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. ఏమంటారు?