ఒకే పేరు, రెండు ఇళ్ళు

మస్తాన్‌బీ, ఖాసింబీ, హుసేన్‌బీ వంటి పేర్లు మన వీధులలో ఎందరికో ఉంటాయి. పిలిచేటప్పుడు ఇబ్బంది లేదు. ఫలానా వారి కోడలు అంటే అందరికీ తెలుస్తుంది. కంప్యూటరుకు మాత్రం మనం చెప్పినదే తెలుస్తుంది. ఈ సంగతి మేము ఆలస్యంగా గ్రహించాము.

గత రమజాన్‌లో మా మొహల్లాలో రేషన్ పంపిణీ లెక్కలు మేమే చూశాము. మనిషికి 5 కిలోల చొప్పున బియ్యం. ఎక్సెల్ పట్టికలో పేరు, భర్త లేక తండ్రి పేరు, వీధి, కుటుంబ సభ్యుల సంఖ్య నమోదు చేశాము. టోకెన్ల పట్టికలో పేరు వ్రాయగానే సభ్యుల సంఖ్య దానంతటదే వచ్చేలా వీలుకప్ సూత్రం అమర్చాము.

జాబితాలో ఇద్దరు మహిళలది ఒకే పేరు. ఒకరి ఇంట ఇద్దరు, మరొకరి ఇంట ఏడుగురు. టోకెన్లు రెండింటిలోనూ 2 అనే వచ్చింది. ఏడుగురున్న ఇంటి తల్లి 10 కిలోల సంచి అందుకొని, మారుమాట లేకుండా వెళ్ళిపోయారు. పండుగ తర్వాత లెక్క సరిచూస్తే 25 కిలోలు మిగిలాయి. అప్పుడు గానీ మా పొరపాటు బయటపడలేదు.

కారణం చిన్నదే. వీలుకప్ పైనుండి వెదుకుతూ, మొదట కనబడిన పేరు వద్దనే ఆగిపోతుంది. అదే పేరు క్రింద మరొకటి ఉన్నదని హెచ్చరించదు. తప్పు సమాధానం కూడా ఒప్పు సమాధానంలాగే కనబడుతుంది.

దీనికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, పట్టికకు ఎడమవైపున ఒక నిలువు వరుస చేర్చి, అందులో పేరు, భర్త పేరు, వీధి కలిపి వ్రాయించి, ఆ కలిపిన మాటనే వెదకడం. కలిపేటప్పుడు నడుమ ఒక నిలువు గీత ఉంచాలి. లేకుంటే 1వ వార్డు 12వ ఇల్లు, 11వ వార్డు 2వ ఇల్లు రెండూ 112గానే మారిపోతాయి.

రెండవది, ఇండెక్స్, మ్యాచ్ సూత్రాలను జోడించడం. పేరు సరిపోయిందా అన్న షరతును, భర్త పేరు సరిపోయిందా అన్న షరతుతో గుణించాలి. షరతు నెరవేరితే 1, లేకుంటే 0. రెండూ నెరవేరిన చోటనే లబ్ధం 1 అవుతుంది. ఆ 1 ఎన్నవ అడ్డువరుసలో ఉన్నదో మ్యాచ్ చెబుతుంది. అక్కడి సంఖ్యను ఇండెక్స్ తెచ్చి ఇస్తుంది. పాత ఎక్సెల్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎంటర్ మీటలను కలిపి నొక్కాలి.

ఏ మార్గం ఎంచుకున్నా, ముందుగా కౌంటిఫ్స్‌తో అవే షరతులు పెట్టి లెక్కించండి. 1 వస్తే నిశ్చింత. 2 వస్తే మరొక షరతు కావాలి. 0 వస్తే ఒకచోట షేక్ అని, మరొకచోట షేఖ్ అని వ్రాశారేమో, పేరు చివర ఖాళీ మిగిలిందేమో చూడండి. అదనపు ఖాళీలను ట్రిమ్ తొలగిస్తుంది.

మిగిలిన బియ్యం తీసుకొని మేము ఆ ఇంటికి వెళ్ళి క్షమాపణ కోరాము. "పేరు ఒకటే కదా బాబూ, మీరు మాత్రం ఏం చేస్తారు" అన్నారామె. చేయగలిగినది ఉన్నదని అప్పటికి మాకు తెలుసు. ఈ ఏడు టోకెన్లు అచ్చుకు ఇవ్వకముందే ప్రతి పేరు ఎదుట 1 ఉన్నదో లేదో చూసుకుంటాము.