ముక్కలాట కాదన్నా, టోర్నమెంట్!

మొన్న నంద్యాలలో ఒక ఫంక్షన్ హాలు అడగడానికి వెళ్లాను. "అరవై నాలుగు మంది పిల్లలు, ఒక్క ఆదివారం, కార్డ్ గేమ్ పోటీ" అన్నానో లేదో, మేనేజరు రెండు చేతులూ జోడించేశాడు.

"ఈడ ముక్కలాటకు ఇయ్యం నాయనా. పోలీసోళ్లొస్తే నేనేం చెప్పాల?"

ఫోన్లో పికాచు కార్డు చూపించాను. "బొమ్మ బాగుండాది. అయినా ముక్కే కదా!" అన్నాడు.

ఆయన్ని తప్పు పట్టలేను. మా పెదనాన్న రెండెకరాల శనగ చేను మూడు ముక్కలాటలోనే పోయింది. మా ఇంట్లో ఇప్పటికీ పేక ముట్టరు. రమ్మీలో నేర్పు ఉంది, మూడు ముక్కలాటలాగా ఉత్త అదృష్టం కాదు అని సుప్రీంకోర్టు 1967లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే చెప్పింది. కానీ తీర్పు చూపించి హాలు అడిగితే ఎవరిస్తారు?

అసలు తేడా ఏంటంటే, ట్రేడింగ్ కార్డ్ గేమ్‌లో ఎవరి కట్ట వాళ్లే ఇంట్లో కూర్చుని తయారు చేసుకుంటారు. పోకెమాన్‌లో కచ్చితంగా 60 కార్డులు. ఏవి పెట్టాలి, ఏవి తీసేయాలి అన్నదే సగం ఆట. ఈ తరహా ఆటలకు దారి చూపింది 1993లో వచ్చిన మ్యాజిక్. తయారు చేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ లెక్కల మనిషి. మొదట్లో అందులోనూ పందెం ఉండేది: ఓడినవాడి కార్డు ఒకటి గెలిచినవాడికి పోయేది. తర్వాత ఆ పద్ధతి పక్కన పెట్టేశారు. ఆ రూలుకు సంబంధించిన కార్డులు ఇప్పుడు టోర్నమెంట్లలో నిషేధం.

ఇక పోటీ ఎలా నడపాలి? నాకౌట్ పెడితే మొదటి రౌండుకే 32 మంది ఇంటికి. కడప నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినోడు ఒక్క ఆట ఓడి తిరిగి పోవాలా? అందుకే స్విస్ పద్ధతి. 1895లో జ్యూరిచ్ చెస్ పోటీలో మొదలైంది. ఎవరూ అవుట్ కారు. గెలిచినవాళ్లకు గెలిచినవాళ్లతో, ఓడినవాళ్లకు ఓడినవాళ్లతో జోడీ. డ్రాలు లేకపోతే 64 మందికి 6 రౌండ్లు చాలు, అన్నీ గెలిచినవాడు ఒక్కడే మిగులుతాడు. 128 మంది వచ్చినా 7 చాలు.

రౌండుకు 50 నిమిషాలంటే ఆటకే 5 గంటలు. భోజనం, జోడీలు రాసే టైమ్ కలిపితే ఆరున్నర. కర్నూలు వాళ్లూ, కడప వాళ్లూ చీకటి పడకముందే బయల్దేరాలి కాబట్టి, ఎన్‌హెచ్ 40 మీద మధ్యలో ఉన్న నంద్యాల. కరెంటు పోతే జోడీలు కాగితం మీద రాసుకోవచ్చు. అసలు సమస్య ఫ్యాను. వేస్తే కార్డులు ఎగురుతాయి, ఆపితే పిల్లలు ఉడికిపోతారు. ప్లాస్టిక్ కవర్లు తొడిగిన కార్డులే తెమ్మని చెప్పాలి.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. ప్యాకెట్ చింపేదాకా లోపల ఏ కార్డుందో తెలీదు. మంచిది రాకపోతే ఇంకోటి, ఇంకోటి. మా పెదనాన్న "ఇంకొక్క ఆట" అన్నట్టే. మేనేజరు భయం పూర్తిగా తప్పు కాదు.

అందుకే రూల్స్ ఒక కాగితం మీద రాశాను. డబ్బు బహుమతి లేదు. హాల్లో ప్యాకెట్లు అమ్మకూడదు. ఎంట్రీ ఫీజు హాలు అద్దెకూ, భోజనానికే. ఖరీదైన కార్డు కొనలేనోడు ప్రింట్ తీసి తెచ్చుకోవచ్చు. ఇది కంపెనీ అధికారిక పోటీ కాదు కదా.

మళ్లీ వెళ్లి ఇచ్చాను. మేనేజరు రెండుసార్లు చదివాడు.

"పైసల్లేకుండా ఎందుకాడతారప్పా?"

"గెలవడానికన్నా."

కాసేపు నన్నే చూశాడు. "సరే, ఇస్తా. కానీ తలుపులు తెరిచే ఉంచాల. అమ్మానాయన ఎవరొచ్చినా లోపల కూర్చోనియ్యాల."

ఈ రూలు నాకే ముందు తట్టాల్సింది. కాగితం మీద అన్నిటికంటే పైన రాశాను.