స్వస్తికానికి ఒక్కటే పుట్టిల్లు అంటగట్టకండి

అమెరికా నైరుతి ఎడారిలో నవహో ఆదివాసీ మహిళ నేసిన దుప్పటి ఫొటో ఒకటి వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. దుప్పటి నడుమ స్వస్తికం. కింద రాత: ‘చూశారా, అక్కడికీ మనవాళ్లే వెళ్లి నేర్పారు.’ చూసిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. నేసిన మనిషి గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. గొర్రెల్ని పెంచి, ఉన్ని వడికి, రంగు వేసి, నిలువు మగ్గం ముందు కూర్చుని నేసింది ఆమె. ఆ ఆకారానికి ఆమె జాతిలో సొంత కథ ఉంది. తొలిచిన దుంగలో దూరి నది వెంట కొట్టుకుపోయిన వీరుడొకడు, సుడిలో గిరగిరా తిరిగే దుంగల మీద కూర్చున్న దేవతల్ని చూసి, రోగాలు మాన్పే క్రతువు నేర్చుకుని ఇంటికొస్తాడు. ఆ కథలో మన గంగ లేదు, మన గణపతి లేడు. ఎందుకుండాలి?

అసలు ఆ ఆకారం చేతిలోంచి ఎలా పుడుతుందో చూడండి. వాకిట్లో ఐదు వరసల్లో ఐదేసి చుక్కలు పెట్టండి. నడి చుక్క నుంచి నాలుగు దిక్కులకూ రెండేసి చుక్కలు గీత లాగండి. ప్రతి గీతనూ కొస దగ్గర కుడికి తిప్పి మరో రెండు చుక్కలు దాటించండి. స్వస్తికం తయారు. మగ్గం మీదా ఇంతే. పడుగు నిలువు, పేక అడ్డం. గుండ్రటి గీత అక్కడ సులువుగా రాదు, మెట్లు మెట్లుగా విరగాల్సిందే. తిరుగుడును చూపించాలనుకున్న నేతగత్తె ఏ ఖండంలో ఉన్నా, గీతల కొసలు వంచితే వచ్చేది ఇదే. పనితనం నుంచి కూడా నమూనాలు పుడతాయని మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ 1927లోనే తన ‘ప్రిమిటివ్ ఆర్ట్’ పుస్తకంలో వాదించాడు. మనం ఇంకా గురువెవరని వెతుకుతున్నాం.

ఉక్రెయిన్‌లోని మెజిన్‌లో మమ్మత్ దంతంతో చెక్కిన పిట్ట బొమ్మ దొరికింది. దాని మీదా గీతలు మడతలు పడి ఈ ఆకారమే కట్టాయి. అది మంచుయుగం నాటి పని. అప్పటికి వేదం లేదు, హరప్పా లేదు, నాగలి కూడా లేదు. ఘనాలో అకాన్ జనం బంగారం తూచే ఇత్తడి గుండ్ల మీద ఉంది. ఇథియోపియాలోని లాలిబెలలో, కొండరాయి తొలిచిన చర్చి కిటికీల్లో ఉంది. పనామాలో గునా జాతి 1925లో తిరగబడినప్పుడు ఎగరేసిన జెండా మీదా ఉంది. వీళ్లందరికీ మనమే పంతుళ్లమా?

స్వస్తికం నిజంగా ప్రయాణించిన దారులూ ఉన్నాయి, కాదనను. అమరావతి స్తూపం దగ్గరి బుద్ధపాదాల మీద ఉన్న గుర్తే బౌద్ధంతో కలిసి చైనా, జపాన్ చేరింది. కానీ ఆ దారి కనబడుతుంది. భిక్షువులు వెళ్లారు, గ్రంథాలు వెళ్లాయి, విగ్రహాలు వెళ్లాయి. నవహో నేలకు మనవాళ్లు వెళ్లి ఉంటే ఆ జాడ ఏది? స్వస్తికం నేర్పినవాళ్లు బండి చక్రం నేర్పకుండా, ఇనుము కరిగించడం చూపకుండా తిరిగొచ్చేశారా?

‘ఎక్కడ కనిపించినా ఒకే జాతిది’ అన్న మాట ఎక్కడికి దారితీసిందో చరిత్రలో ఉంది. 1870లలో జర్మన్ పురావస్తు తవ్వకందారు హైన్రిష్ ష్లీమాన్ ట్రాయ్ తవ్వితే మట్టి కదురు బిళ్లల మీద ఈ గుర్తు బయటపడింది. వేర్వేరు దేశాల్లో కనిపించినంత మాత్రాన ఒకేచోట పుట్టిందని చెప్పలేమని సాక్షాత్తూ సంస్కృత పండితుడు మాక్స్ ముల్లరే ఆయన్ని హెచ్చరించాడు. ఎవరు విన్నారు? ఫ్రెంచి పండితుడు ఎమిల్ బర్నూఫ్ లాంటివాళ్లు దాన్ని ఆర్యుల ముద్ర అన్నారు. ఆ మాటనే జర్మన్ జాతి పిచ్చిగాళ్లు అందుకున్నారు. 1920లో హిట్లర్ దాన్ని పార్టీ జెండాకెక్కించాడు, 1935లో దేశానికి ఏకైక జెండా చేశాడు. ‘అంతా మావాళ్లదే’ అని ఫార్వర్డ్ చేసే ప్రతి పెద్దమనిషీ తెలిసో తెలియకో ఆ వాదాన్నే మోస్తున్నాడు.

దాని మూల్యం ఎవరు చెల్లించారు? 1940 ఫిబ్రవరిలో, ఆరిజోనాలోని టూసాన్‌లో నవహో, హోపి, అపాచే, పపాగో జాతుల ప్రతినిధులు ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు. మరో దేశం అపవిత్రం చేసిన ఈ గుర్తును ఇకమీదట దుప్పట్ల మీద, బుట్టల మీద, ఇసుక చిత్రాల్లో వాడబోమని ప్రకటించారు. సొంత చేతులతో చేసిన వస్తువులను కాల్చారు. హిట్లర్‌తో ఏ సంబంధమూ లేని జనం!

ఇవాళ అదే అమెరికాలో గృహప్రవేశం రోజు గడప మీద స్వస్తికం వేసుకున్న తెలుగువాళ్లు, ఇది నాజీలది కాదని ఇరుగుపొరుగుకు చెప్పుకోవాల్సి వస్తోంది. చెప్పాల్సిందే, గట్టిగా చెప్పాలి. కానీ ఆ నోటితోనే నవహో గుర్తు కూడా మాదేనంటే, దాన్ని వాళ్ల దగ్గర రెండోసారి లాక్కున్నట్టే.

ఆ ఫొటో మీకు మళ్లీ వస్తే తిరుగుడు దుంగల కథ, టూసాన్ సంతకాల కథ రాసి, పంపినవాళ్లకే తిప్పి పంపండి. నేను పంపుతున్నాను. దానికి కోపమొచ్చి మా చుట్టాల్లో కొందరు నాతో మాటలు మానేశారు. మానేయనివ్వండి.