కృప పేరుతో పాపానికి సెలవు చీటీ ఇస్తున్నారు



ఈ మధ్య మనవాళ్ల ఫోన్లలో ఒక బోధ తిరుగుతోంది. మనం ధర్మశాస్త్రం క్రింద లేము, కృప క్రింద ఉన్నాము, కాబట్టి విశ్వాసి ఇక పాపాలు ఒప్పుకోనక్కర లేదట. వినడానికి హాయిగానే ఉంటుంది. పాపంతో పోరాడి అలసినవాడికి మరీ హాయి. అందుకే దీన్ని చూస్తూ ఊరుకోలేము.

వాళ్లు చూపించేది రోమా 6:14. బైబిలు తెరిచి ఆ వచనం మొత్తం చదవండి. కృప క్రింద ఉన్నాం గనుక పాపం మన మీద ఏలుబడి చేయదని పౌలు అంటున్నాడు. పాపం చేసినా ఫరవాలేదని కాదు. ఆ అనుమానం ఎవరికైనా వస్తుందనే 15వ వచనంలో తానే ప్రశ్న వేసి, కూడదని తేల్చేశాడు. తీతు 2:11, 12 కూడా చూడండి. భక్తిహీనతను విడిచిపెట్టమని మనకు నేర్పేది కృపే.

మన బోధన్ వైపు ఈ బోధ ఎవరిని ముంచుతుందో చెప్తాము. ఇక్కడ కల్లు అంటే చాలాచోట్ల చెట్టు కల్లు కాదని అందరికీ తెలుసు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లు. దానికి అలవాటుపడ్డ సహోదరుడు ఉన్నట్టుండి మానితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ కూడా వస్తాయి. అలాంటివాడికి 'దేవుడు నీ పాపం చూడడు' అని చెప్తే సాయంత్రం మళ్లీ దుకాణానికే పోతాడు, ఈసారి నిశ్చింతగా. బియ్యం డబ్బులు పోగొట్టుకున్న అతని భార్యకు ఇదేం సువార్త? నిజమైన విశ్వాసముంటే ఒక్క రాత్రిలో మానేవాడివని గద్దించేవాళ్లూ ఉన్నారు. ఈ ఇద్దరూ అతన్ని ఒంటరిగానే వదిలేశారు.

మన జిల్లాలోనే డిచ్‌పల్లి ఉంది. 1915లో వెస్లియన్ మిషనరీలు జార్జి కెర్, ఆయన భార్య డాక్టర్ ఇసబెల్ కెర్ అక్కడ కుష్ఠు ఆసుపత్రి తెరిచారు. దానికి అండగా నిలిచింది ఒక హిందూ దాత, రాజా నర్సాగౌడ్. (కుష్ఠు పాపమూ కాదు, శాపమూ కాదు. క్రిమి వల్ల వచ్చే జబ్బు, ఇప్పుడు మందులతో నయమవుతుంది. ఆసుపత్రి పని ఎలా ఉంటుందో చూడమనే అంటున్నాము.) నయమయ్యాకే రండి అనే ఆసుపత్రి ఉండదు. చేర్చుకుని, నీకు జబ్బే లేదు పొమ్మనేదీ ఉండదు. ఆ రోజుల్లో చాల్మొగ్రా నూనె సూదులు నెలల తరబడి పొడిచేవారు, నొప్పి పుట్టేది. ఆ జబ్బు ముదిరితే చెయ్యి కాలినా తెలియదు. నొప్పి తెలియకపోవడం ఆరోగ్యమా? మొద్దుబారిన మనస్సాక్షికి స్వేచ్ఛ అని పేరు పెట్టినవాళ్లే దీనికి జవాబు చెప్పాలి.

1 యోహాను 1:9 అవిశ్వాసులకు రాసిందని వాళ్ల వాదన. అయితే పాపాలు ఒప్పుకోవడం గురించి చెప్తూ యోహాను 'మనము' అని తనను కూడా ఎందుకు కలుపుకున్నాడు? రెండు వచనాల తర్వాత ఆ చదువరులనే పిల్లలని ఎందుకు పిలిచాడు?

కల్లు మానాలని ఉన్నవారు ఆదివారం ఆరాధన అయ్యాక ఆగండి. ఇంట్లో ఒక్కరే ఉండి ఒక్కసారిగా మానకండి, అది ప్రాణం మీదికి వస్తుంది. ప్రార్థన చేసి, సోమవారం సర్కారు దవాఖానలో డాక్టరు దగ్గరికి మేమే వెంట వస్తాము. దుకాణానికి ఎన్నోసారి పోయారో అడగము.