నిన్నమొన్నటి బంగళాలా?

సంపాదక మహాశయులకు,

చార్మినారు, మక్కా మసీదు తప్ప పాతబస్తీలో కాపాడదగినదేదియు లేదనియు, తక్కినవి నిన్నమొన్నటి సర్కారు బంగళాలనియు మీ ఆదివారపు సంచికలో ఒక పండితుడు తీర్పు చెప్పినాడు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలాది ప్రాణములను బలిగొన్న పిమ్మట, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంటు బోర్డువారు ఇరుకు గల్లీలను వెడల్పు చేసి, పత్తర్‌గట్టిలో బారులుగా నిలిపిన రాతి కమానుల నీడన నడచియు వానిని చూడని కన్నులకు ఏమని చెప్పుదుము?

ఆ కమానుల మూలపటములను పరిశీలింపగోరి నేనొక కార్యాలయమునకు పోగా, గుమాస్తా తల యెత్తకయే “ఏ భూమి కేసు?” అనెను. కేసు లేదు, చదువుకొందునంటిని. “కేసే లేనప్పుడు పటమెందుకండీ?” అని అర్జీ నా వైపు త్రోసెను. కారణమను గడిలో ‘పరిశోధన’ అని వ్రాసినందుకు పై అధికారి సంతకము కావలెననిరి. సంతకము తెచ్చునప్పటికి బీరువా తాళము గలవాడు సెలవు పెట్టెను. ఎట్టకేలకు కట్ట విప్పగా, పటము మడతల వెంబడి చినిగియున్నది. నడిమి కమానుండవలసిన చోట చెదలు తొలిచిన రంధ్రము, దాని ప్రక్కనే చాయ్ గ్లాసు మచ్చ!

పటము లేనిచో మరమ్మతు చేయువానికి ఏమి తెలియును? డంగుసున్నపు గోడకు సిమెంటు పూసి పోవును. లోపలి చెమ్మ వెలికి రాలేక ఉప్పు పొంగి, ఇటుక పొరలుపొరలుగా రాలును. పాత కట్టడములకు ఉన్నపాటి రక్షణయైన హుడా (హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ) వారి 13వ నిబంధన 2015లోనే ఎగిరిపోయెను. ఎర్రమంజిలు ప్యాలెసును కూల్చి శాసనసభ కట్టదలచిన ప్రభుత్వ నిర్ణయమును 2019లో కొట్టివేసిన హైకోర్టు, మీ పండితుని లెక్కలో తానే యొక నిన్నమొన్నటి బంగళాలో కొలువుతీరియుండెను!

అన్నట్లు, హైకోర్టు అని మీరచ్చువేసిన బొమ్మ సిటీ కాలేజీది. రెండును వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ దొర చేతిమీదుగా లేచినవే, ప్రక్కప్రక్కనే యున్నవే. అంతమాత్రమున 1920లో తెరచిన న్యాయస్థానమును, 1921 నాటి విద్యాలయమును ఒక్కటి చేయుదురా? హైకోర్టు నమూనా గీసిన జయపురపు శంకర్‌లాల్ పేరైనను వ్యాసమున లేదు. రెండును నూరేండ్లు దాటినవి. ఇంకెన్నేండ్లు నిలిచిన పండితులవారు కనికరింతురో!

మిగిలిన పటములకు చెదలకంటె ముందుగా నకళ్లు తీయించి, అడిగినవారికెల్ల చూపవలెనని ఒక సంపాదకీయమైనను వ్రాయుడు. బొమ్మ మాత్రము సరిచూచి వేయుడు.

భవదీయుడు,
పత్తర్‌గట్టి పాఠకుడొకడు
హైదరాబాదు