ఎముక గట్టిపడితే బలపడినట్లేనా?

"డాక్టరుగారూ, ఎముకలు గట్టిపడటానికి ఏదైనా మందు రాసివ్వండి" అని 45 దాటిన స్త్రీలు తరచు అడుగుతూ వుంటారు. గట్టిపడటం వేరు, బలపడటం వేరు. ఈ తేడా ప్రతి ఇంటివారూ తెలుసుకోవాలి.

ఎముక ఎండుకట్టె కాదు, ప్రాణమున్న పదార్థం. పాతబడిన భాగాన్ని తొలిచే కణాలూ, కొత్తది కట్టే కణాలూ అందులో జీవితాంతం పనిచేస్తూనే వుంటాయి. కొలాజెన్ అనే మాంసకృత్తు పోగుల అల్లికలో కాల్షియం, భాస్వరం చేరి ఎముక తయారవుతుంది. పోగుల వల్ల కొద్దిగా వంగే గుణం, ఖనిజాల వల్ల గట్టిదనం వస్తాయి. రెండూ సరిగా వుంటేనే ఎముక దెబ్బకు తట్టుకుంటుంది. సుమారు 30 ఏళ్ళ వరకు కట్టడానిదే పైచేయి. స్త్రీలలో ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గి, తొలవడం ఎక్కువవుతుంది.

కట్టే కణాలను ఫ్లోరైడు పురికొల్పుతుందని తెలిశాక దాన్నే మందుగా ఇచ్చి చూచారు. అమెరికాలో మేయో క్లినిక్ పరిశోధకులు ముట్లుడిగి, ఎముకలు గుల్లబారి, వెన్నుపూసలు దెబ్బతిన్న 202 మంది స్త్రీలను తీసుకుని, కొందరికి రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడు, మిగిలినవారికి మందులేని మాత్ర ఇచ్చారు. కాల్షియం అందరికీ ఇచ్చారు. ఫలితాలు 1990లో వెలువడ్డాయి. ఫ్లోరైడు వాడినవారికి నాలుగేళ్ళలో నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. కాని వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగినంత తగ్గలేదు. పైగా వెన్ను కాని ఇతర ఎముకలు విరగడం దాదాపు మూడు రెట్లయింది! ఎముక పెరిగింది గాని, దాని కట్టుబాటు దెబ్బతింది.

తాగే నీటితో ఫ్లోరైడు ఒంట్లో చేరితే ఏమవుతుందో మన ప్రాంతానికి అంతకుముందే అనుభవం. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ వ్యాధిని వివరించారు. ఎక్సరేలో ఎముకలు దట్టంగా కనిపిస్తాయి; మనిషి మాత్రం వెన్ను బిగుసుకుపోయి వంగలేడు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి మరో సంగతి బయటపెట్టారు. ఫ్లోరైడు ప్రాంతంలో మోకాళ్ళు ఒరుసుకుంటూ పాదాలు ఎడంగా పోయే వంకరతోపాటు, ఎముకలు గుల్లబారడం కూడా కనిపించింది. తిండిలో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడు చేసే హాని ఎక్కువవుతుంది.

మరి మీరు చేయవలసిందేమిటి?

బోరు నీరు తాగేవారు ఫ్లోరైడు పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు వుండటం మంచిది, 1.5 దాటకూడదు. దీనికి రంగూ వాసనా వుండవు కాబట్టి చూచి చెప్పలేము. కాచినంత మాత్రాన పోదు. నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. ఎక్కువ వుంటే తాగడానికీ వంటకూ వేరే నీరు వాడండి.

పెద్దవారికి రోజుకు 1000, ముట్లుడిగిన స్త్రీలకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాలు, పెరుగు, మజ్జిగ, రాగిజావ, నువ్వులు, ఆకుకూరలు రోజూ తీసుకోండి. ఎదిగే ఆడపిల్లకు పాలు తగ్గించి మగపిల్లవాడికి పోయకండి. ఆమె ఎముక కట్టుకునే వయస్సు అదే. పప్పు, గుడ్డు వంటి మాంసకృత్తులూ వుండాలి.

ఒంటికి కాస్త ఎండ తగలనివ్వండి. నడవండి, మెట్లెక్కండి, బరువు మోసే పని చేయండి. బరువు పడని ఎముక బలహీనపడుతుంది. పొగతాగడం మానండి.

స్నానాలగదిలో నాచు, తడి లేకుండా చూడండి. చిన్నపాటి పడటానికే ఎముక విరిగినా, ఎత్తు తగ్గినా, చాలాకాలం స్టెరాయిడ్లు వాడుతున్నా డాక్టరుకు చూపించుకోండి. సాంద్రత అంకె ఒక్కదాన్ని చూచి సంతోషించనూ వద్దు, బెంబేలు పడనూ వద్దు. ఇరుగుపొరుగువారు చెప్పారని మాత్రలు మింగడం అసలే వద్దు.