చెవితోఁ జదువవలసిన పద్యము

కన్నులతో మాత్రమే చదివిన పద్యము సగమే చదివినట్లని మా యభిప్రాయము.

మేము చిన్నవారమై యున్నపుడు, అనఁగా 1990 ప్రాంతమున, మంగళగిరి చేనేత యిండ్లలో మగ్గముల చప్పుడు నడుమ ఘంటసాల వేంకటేశ్వరరావుగారి పద్యముల క్యాసెట్లు మ్రోఁగుచుండెడివి. పుష్పవిలాపము, కుంతికుమారి మాకుఁ బుస్తకముకంటె ముందు చెవికే సోఁకినవి. పద్యకర్తలగు కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారు (1912–1992) గుంటూరు మండలమందలి కొమ్మూరువారు. గుంటూరి ఆంధ్రక్రైస్తవ కళాశాలలో నుపన్యాసకులు. గాయకులు (1922–1974) కృష్ణా మండలమందలి చౌటపల్లిలోఁ బుట్టిరి. ఆ రెండు సీమల నడుమనున్న మన యూరికి వారి కృతి సొంతమైనట్లే తోఁచెడిది.

ఛందస్సు నెఱుఁగకముందే, ఎచ్చట నిలువవలెనో, ఏ మాట నెచ్చట విఱువవలెనో ఆ గళమే మాకు నేర్పెను. పువ్వుల మొఱ విన్న పిదపఁ బూవు త్రెంచుటకుఁ జేయి వెనుదీసెడిది. బడిలో యతిప్రాసలు చెప్పినపు డవి మాకుఁ బాత చుట్టములే.

నేఁటి విద్యార్థులు ప్రతిపదార్థము చక్కఁగా వ్రాయుదురు. పద్యమును బైకిఁ జదువుమన్న సిగ్గుపడుదురు. లోపము వారిది కాదు; వినిపించువారు లేరు. క్యాసెట్టు పోయినను ఆ గానము సెల్‌ఫోనులో నున్నది. కావున వారమునకొక గంట పద్యము వినుటకును, గొంతెత్తి చదువుటకును పాఠశాలలు కేటాయింపవలెను. దానికి మార్కులు లేవని కొందఱందురు. మార్కులకై నేర్చినది పరీక్షతోఁ బోవును. చెవినుండి లోనికిఁ జేరిన పద్యము ముదిమివఱకుఁ దోడుండును.